ఎనిమిది స్క్రూలు

ఆగస్టు మూడో వారం. బడి తెరిచి నాలుగు రోజులైంది, మా పని మాత్రం ఇంకా కొసరు మిగిలే ఉంది. అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో ఒక చిన్న ఊరి హైస్కూలు అది. పాత గ్రంథాలయాన్ని బాగుచేసి, అందులోనే ఒక మూల అద్దాల గది కట్టి, పిల్లలు పొద్దున్నే బడి వార్తలు చదివే స్టూడియో పెట్టారు. వైర్లు లాగడం, కెమెరాలు బిగించడం, మైకుల ధ్వనిని సర్దే మిక్సరు అమర్చడం మా కంపెనీ వంతు. తొమ్మిదేళ్లుగా నేను చేస్తున్న పని ఇదే.

పదిహేనేళ్ల అమ్మాయి ఒకతె లోపలికి వచ్చి కుర్చీ లాక్కుని, మిక్సరు మీది మీటలను ఒక్కొక్కటే పైకీ కిందికీ జరపసాగింది. "ముట్టుకోవద్దు" అన్నాను. మర్యాదగానే అన్నాను. ఆమె వెళ్లాక, వ్యానులో పడి ఉన్న ప్లాస్టిక్ మూత ఒకటి తెచ్చి మిక్సరుకు తొడిగి ఎనిమిది స్క్రూలు బిగించాను. ఎవరూ అడగలేదు. మన సొమ్ము కాకపోయినా, వస్తువు పాడవుతుందంటే మన చేయి ఊరుకోదు కదా.

లైబ్రేరియన్ వచ్చి చూసింది. అరవై ఏళ్లు ఉంటాయి ఆవిడకు. "ఇది ఎవరు పెట్టమన్నారు?" అంది. చెప్పబోయాను, వినలేదు. "తీసేయండి. ఏడాది చివరికి ఈ మీటలు అరిగిపోవాలి. కొత్తగా మెరుస్తూ ఉంటే ఊరివాళ్లకు నేనేం జవాబు చెప్పను?" పిల్లల ముందే అన్నది. ఎనిమిదీ విప్పాను. ఏడోదాని తల అరిగి స్క్రూడ్రైవరు జారుతూ ఉంటే, ముగ్గురు పిల్లలు నిలబడి తమాషా చూశారు.

ఊరివాళ్లకు జవాబు అన్న మాట వెనక సంగతి ఉంది. ఇక్కడ ఇలాంటి పనులకు బడి బాండు మీద, అంటే బడి కోసం తెచ్చే అప్పు మీద, ఊళ్లో ఓటింగు పెడతారు. నెగ్గితే ఇళ్ల మీద పన్ను పెరుగుతుంది. పిల్లలు లేని ముసలివాళ్లూ కడతారు. కట్టినవాళ్లు ఊరుకోరు, వచ్చి చూస్తారు. పుస్తకాల అరలన్నీ చక్రాల మీద ఉన్నాయి, తోస్తే కదులుతాయి. కిటికీల కింద కూర్చుని చదువుకోవడానికి మెత్తలు వేశారు. బాగుంది, కాదనను.

నన్ను రాత్రంతా గిలకొట్టింది ఆ మాట కాదు, ఆవిడ గదిలో గోడ మీది కాగితం. స్క్రూలు జేబులో వేసుకుని సంతకం కోసం వెళ్తే కనిపించింది. గ్రంథాలయ శాస్త్రం అయిదు సూత్రాలు. మొదటిది, పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికి. కింద పేరు రంగనాథన్. తమిళదేశంలో పుట్టి, లెక్కలు చెప్పుకుంటూ, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి అధికారి అయినవాడు. ఆ సూత్రాలు 1931లో అచ్చయ్యాయి. అంటే మన దక్షిణాది పెద్దమనిషి మాటను, సముద్రాలు దాటి వచ్చిన నాకు ఈ ఒహాయో ఆవిడ అప్పజెప్పింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మాకు తెలియదా ఏమిటి ఇదంతా? హన్మకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లోనే పుట్టింది. నిజాం రాజ్యంలో బడిలో తెలుగు దొరకని రోజుల్లో, చందాలు వేసుకుని తెలుగు పుస్తకాన్ని జనం చేతిలో పెట్టిన ఊరు మాది. అలాంటి చోట నేను చదివిన జిల్లా పరిషత్ హైస్కూల్లో మాత్రం గ్రంథాలయం అంటే ఒక ఇనుప బీరువా. హన్మకొండ నుంచి పరకాల పోయే దారిలో, గూడెప్పాడు దాటాక వస్తుంది ఆ బడి. బీరువా తాళంచెవి తెలుగు సారు మొలతాడుకు ఉండేది.

ఆయన్ను పిసినారి అనుకునేవాళ్లం. సంగతి ఏడో తరగతిలో తెలిసింది. ఆయనకు బదిలీ అయింది, కొత్త సారుకు చార్జి అప్పగించాలి. స్టాకు రిజిస్టరు ముందు పెట్టుకుని రెండు రోజులు లెక్కపెట్టారు. మోసింది మేమే. వరండాలో పదేసి చొప్పున దొంతులు పేర్చాం. కలరా ఉండల వాసన, పేజీల్లోంచి జరజరా పారే వెండిపురుగులు. అన్ని పుస్తకాలను నేను ముట్టుకున్నది ఆ రెండు రోజులే. మధ్యలో ఒకటి తెరిచి చదువుతూ కూర్చున్నాను, నా దొంతి లెక్క తప్పింది, మొత్తం మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టారు. సారు నన్ను కొట్టలేదు. "ఒక్కటి తగ్గితే నా జీతంలోంచి పోతుందిరా" అన్నాడు, అంతే.

ఒహాయో ఆవిడకు ఈ ముక్క చెప్పాలని ఉండింది. ఆవిడ ఉదారం ఆవిడది, సారు భయం సారుది. తాళం వేసిన మనిషి దుర్మార్గుడు కాడు, అతని మెడ మీద రిజిస్టరు ఉంది. తర్వాత వెతికితే తెలిసింది, కేంద్ర కార్యాలయాల కోసం రాసిన 2017 నాటి ఆర్థిక నియమావళిలో, పాఠకుల చేతుల్లో తిరిగిన ప్రతి వెయ్యి పుస్తకాలకూ ఏడాదికి 5 పోతే అది సహజమేనని ఉంది, నిర్లక్ష్యమో మోసమో కాకుంటే చాలు. అలాంటి మాట మా సారుకు ఎవరూ చెప్పినట్టు లేదు.

నాలో నేనే ఇంత వాదించుకున్నాక ఫోను తెరిచాను. మా పదో తరగతి బ్యాచి కలిసి ఆ బడికే గ్రంథాలయం గది, మైకు సెట్టు ఇద్దామనుకున్నాం. 2022లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన మన ఊరు-మన బడి పథకం పన్నెండు పనుల జాబితాలో ప్రహరీ ఉంది, భోజనశాల ఉంది, గ్రంథాలయం లేదు. సరే, మనమే చేద్దామని ఎస్టిమేటు వేశాం. వేసింది నేనే. మొదటి పద్దు: ఇనుప బీరువాలు 4, తాళాలతో. రెండోది: ఆంప్లిఫయరుకు ఇనుప పెట్టె, గ్రిల్లు. పుస్తకాలు అయిదో పద్దు.

మా బ్యాచివాడే ఒకడు ఇప్పుడు ఆ బడిలో సోషల్ సారు. వాడికి ఫోను చేసి బీరువాలు ఒకటికి తగ్గించమన్నాను. "ఏమిరా, అమెరికా గాలి తగిలిందా? రాత్రి వాచ్‌మన్ లేడు ఇక్కడ" అన్నాడు. నిజమే. ఒక గంట కొట్లాడుకున్నాం. చివరికి ఖరీదైన నిఘంటువులకు ఒక్క బీరువా, మిగతావి నడుమెత్తు తెరిచిన అరలు, రిజిస్టరు తొమ్మిదో తరగతి పిల్లల చేతికి. ఆంప్లిఫయరు పెట్టె విషయంలో నేనూ మెత్తబడలేదు. రాత్రికి తాళం ఉంటుంది, పగలు తీసి ఉంచుతారు.

గదితో ఇంకో చిక్కు. నాలుగు సిమెంటు గోడలు, స్లాబు కప్పు, మాట్లాడితే బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఒహాయోలో దీనికి గుడ్డ చుట్టిన పలకలు అంటించాం, ఒక్కొక్కటీ మా వాళ్ల నెల సరుకుల ఖర్చంత. ఎవరో కోడిగుడ్ల అట్టలు అంటించమన్నారట, వాటితో పెద్దగా ఒరిగేది లేదు. కొత్తవాడ జంపఖానాలు కొనమన్నాను. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన వరంగల్ నేత. గోడకు అతికించకుండా బెత్తెడు ఎడంగా వేలాడదీయాలి, అప్పుడే ధ్వనిని బాగా తాగుతాయి. బరువైన మోతను ఆపలేవు గానీ, పిల్లల గొంతులోని గలగలను సర్దడానికి చాలు. రంగులు కూడా ఆ బూడిదరంగు పలకల కన్నా నయం.

జనవరిలో మొదటిసారి పరీక్షించారు. నాకు రాత్రి, వాళ్లకు ప్రార్థన వేళ. వాడు వీడియో కాల్ చేసి ఫోను బల్ల మీద నిలబెట్టాడు. ఎనిమిదో తరగతి అమ్మాయి జిల్లా వార్తలు చదువుతోంది, మాట కింద గుయ్‌మని హమ్మింగు. అక్కడ కరెంటు 50 హెర్ట్జు, ఇక్కడ 60, మోత శ్రుతి కొంచెం వేరు, అంతే. నా ఉద్యోగంలో సగం రోజులు ఈ మోతను వేటాడటమే. ల్యాప్‌టాప్ చార్జరు వల్ల అయి ఉంటుందని, పీకి చూడమని అరిచాను. మావాడు బయట లైను సర్దుతున్నాడు, వినిపించలేదు. ఆ అమ్మాయి కాగితం దించి ఫోనులోకి చూసింది.

"నేను ముట్టుకోవచ్చా సార్?"

"ముట్టుకో అమ్మా. ల్యాప్‌టాప్ దగ్గర చిన్న పిన్ను ఉంటుంది చూడు, అది లాగెయ్" అన్నాను.

మోత ఆగింది. ఆమె కాగితం ఎత్తి ఆగిన చోటు వెతుక్కుంది. దొరకలేదు కాబోలు, వార్తలు మళ్లీ మొదటి నుంచి చదివింది.