బెయిల్ వచ్చింది, మనిషి రాలేదు

మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకునే ఆమె కొడుక్కి ఓ కొట్లాట కేసులో శుక్రవారం మధ్యాహ్నం బెయిల్ వచ్చింది. వకీలు ఫోన్ చేసి చెప్పగానే ఆమె బొగ్గులు ఆర్పేసి, ఇస్త్రీ చేసిన చొక్కా ఒకటి, చెప్పుల జత సంచిలో పెట్టుకుని జైలు దగ్గరికి పరిగెత్తింది. గేటు దగ్గర "రిలీజ్ ఆర్డర్ ఏదమ్మా?" అని అడిగారట. బెయిల్ ఆర్డర్ వేరు, రిలీజ్ ఆర్డర్ వేరు అని ఆమెకు అక్కడే తెలిసింది.

రిలీజ్ ఆర్డర్ రావాలంటే ఇద్దరు జామీను ఉండాలి. ఒకడిగా నేను వెళ్ళాను. రెండోవాళ్ళ కోసం మూడు రోజులు తిరిగాం, ఎందుకంటే ఆమె చుట్టాలందరూ అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళే, సొంతిల్లు ఉన్నవాళ్ళేమో కేసు అనగానే మాట మార్చేశారు. చివరికి ఒకాయన ఒప్పుకుంటే, ఆయన ఇంటి పన్ను రసీదులో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉందని కాగితాలు తిప్పి పంపారు. ఆ రెండు పేర్లూ ఒకరివేనని రాయించుకురావడానికి ఆఫీసు చుట్టూ ఇంకో నాలుగు రోజులు. అన్నీ అయ్యి కుర్రాడు బయటికొచ్చేసరికి పదమూడు రోజులు. ఆ పదమూడు రోజులూ అతను లోపల ఏ కారణంతో ఉన్నట్టు? ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడట్లేదు.

ఇదేం కొత్త బాధ కాదు. 1978లో మధ్యప్రదేశ్‌లో ఓ తాపీ మేస్త్రీకి సుప్రీంకోర్టే బెయిల్ ఇస్తే, కింది కోర్టు పదివేల రూపాయల జామీను అడిగింది, పైగా అతని సోదరుడు ముందుకొస్తే ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని వెయ్యికి తగ్గించి, ఓ తెలుగువాణ్ణి ఎక్కడో చాందినీ చౌక్‌లో అరెస్టు చేస్తే అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారు ఎక్కణ్ణుంచి వస్తాడని అడిగారు. 2021లో ఆగ్రా జైల్లో 13 మంది, బెయిల్ వచ్చినా ఆర్డర్ కాపీ చేరక ఆగిపోయారు. అప్పటి చీఫ్ జస్టిస్, మన ఎన్వీ రమణ గారు, ఇంకా పావురాలు ఆర్డర్లు మోసుకొస్తాయని ఆకాశం వైపు చూస్తున్నామా అన్నారు. 2022 మార్చి 31న సుప్రీంకోర్టు ఆర్డర్లు ఆన్‌లైన్‌లో పంపే 'ఫాస్టర్' పద్ధతి మొదలైంది. అయినా 2025లో ఘజియాబాద్‌లో, బెయిల్ ఆర్డర్‌లో ఒక ఉపసెక్షన్ నంబరు రాయలేదని ఒకతన్ని 28 రోజులు లోపలే ఉంచారు! సుప్రీంకోర్టు 5 లక్షలు పరిహారం ఇమ్మంది. ఆర్డర్ క్షణంలో చేరినా, కాగితంలో చిన్న తేడా కోసం మనిషిని ఆపేసే అలవాటు పోనంతకాలం ఇంతే.

మాకు అప్పుడు తెలియని సంగతి ఒకటి చెబుతాను. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, బెయిల్ వచ్చి ఏడు రోజులైనా మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్, పేదలకు ఉచితంగా న్యాయ సహాయం చేసే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు చెప్పాలి. నెలైనా జామీను కట్టలేకపోతే కోర్టు తనంతట తానే షరతులు సడలించే విషయం చూడొచ్చు. స్థానిక జామీనే కావాలని పట్టుబట్టొద్దని కూడా అందులో ఉంది. మీ ఎరుకలో ఎవరైనా ఇలా ఇరుక్కుంటే మామూలుగా జిల్లా కోర్టు ఆవరణలోనే ఉండే ఆ సంస్థ ఆఫీసుకు వెళ్ళండి, లేదా న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి. ఏడో రోజు దాకా ఆగకండి, బెయిల్ వచ్చిన రోజే అడగండి.