"అందరికీనా అమ్మా? ఎందరికి?"

మన బడిలో తెలుగు సార్ సురవరం ప్రతాపరెడ్డి గారి గురించి చెప్పిన పాఠం మా బ్యాచ్‌లో ఎవరూ మరచిపోలేదు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఒకాయన రాశారు. సురవరం అప్పటికి 'గోలకొండ పత్రిక' నడుపుతున్నారు. 1926లో మొదలైన పత్రిక అది. ఆయన తిట్టుకు తిట్టు రాయలేదు. మీ ప్రాంతంలో కవులెవరు, ఏం రాశారు, పంపండి అని ఊరూరా అడిగారు. 1934లో 'గోలకొండ కవుల సంచిక' వచ్చింది. అందులో 354 మంది కవులు! సార్ నల్లబల్ల మీద ఒక పక్క సున్నా, మరో పక్క 354 వేసి, "ఇదిరా జవాబంటే" అన్నారు.

ఆ పాఠం చెప్పిన ఏడాదే సార్ మా తొమ్మిదో తరగతి చేత గోడపత్రిక పెట్టించారు. వరండాలో ఒక ప్లైవుడ్ పలక, దాని మీద నాలుగు డ్రాయింగ్ షీట్లు. కవితలు, పొడుపుకథలు పట్టుకొస్తే తరువాత చూద్దామని పక్కన పెట్టేవారు. ఊరి వార్తలు రాయాలి, అవీ కళ్ళారా చూసినవో, వెళ్ళి అడిగి తెలుసుకున్నవో కావాలి. ఎవరు చెప్పారో వార్తలోనే ఉండాలి. చెప్పినవాళ్ళు పేరు వేయవద్దంటే వేయం, కానీ నోట్‌బుక్‌లో మాత్రం రాసుకోవాలి.

మన ఊళ్ళో వార్త అంటే నీళ్ళే. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, పళ్ళు పాడైన నల్లగొండ జిల్లా పల్లెల్లో చదువుకున్నవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. మా తరగతి అమ్మాయి ఒకామె, "మా వాడలో చేతిపంపు నీళ్ళు తాగి అందరికీ కాళ్ళు వంకరపోయాయి" అని రాసుకొచ్చింది. సార్ చదివి, "అందరికీనా అమ్మా? ఎందరికి?" అన్నారు. ఆమెకు ఉక్రోషం వచ్చింది. "మా తాత లేచి నడవలేడు సార్, ఇంకేం కావాలి?" అంది. సార్ ఆమె బెంచీ మీదే కూర్చుని, "మీ తాత సంగతి నువ్వు రాస్తే ఎవరూ కాదనలేకుండా ఉండాలి. అందుకే అడుగుతున్నాను" అన్నారు.

మరునాడు నలుగురం ఆ వాడలో ఇల్లిల్లూ తిరిగాం. పేరు, వయసు, ఏ పంపు నీళ్ళు తాగుతారు, నొప్పులు ఎప్పటి నుంచి, అన్నీ రాసుకున్నాం. ఒక పెద్దాయన మెడ తిప్పలేక, పలకరిస్తే ఒళ్ళంతా మా వైపు తిప్పి మాట్లాడారు. చెంబు ఎత్తి తాగడానికి తల వెనక్కు వాలదు. మనవరాలు గిన్నె పట్టుకుని తాగించింది. పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు. కొన్ని ఇళ్ళలో ఏ బాధా లేదు, అదీ రాసుకున్నాం. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని సార్ చెప్పారు. ఆ పంపు నీళ్ళ పరీక్ష కాగితం గ్రామీణ నీటి సరఫరా విభాగం నుంచి తెప్పించారు. హద్దు దాటే ఉంది. శనివారం గోడ మీదికెక్కిన వార్తలో 'అందరికీ' అన్న మాట లేదు. మా లెక్క ఉంది, పరీక్ష తేదీ ఉంది, తాత మాటలు తాత చెప్పినట్టే ఉన్నాయి.

కొన్నాళ్ళకు ఒక అధికారి బడికి వచ్చారు. పలక ముందు ఆగి చదివి, "పిల్లలు ఏదో రాస్తుంటారు లెండి" అన్నారు. ఆ అమ్మాయి పరుగున వెళ్ళి నోట్‌బుక్ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన పేజీ తరువాత పేజీ తిప్పారు, మరి ఆ మాట అనలేదు. ఆ పంపుకు ఎర్రరంగు వేయించారు, తాగవద్దన్న గుర్తుగా. కృష్ణా నీళ్ళు రావడానికి మాత్రం ఏళ్ళు పట్టింది. ఒక్క వార్తతో నీళ్ళొచ్చాయని ఇక్కడ రాస్తే సార్ ఒప్పుకోరు.

ఉర్దూ పత్రిక 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ గురించి కూడా మేము మొదట విన్నది సార్ నోటే. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో ఆయనను దారికాచి చంపారు. ఆ రోజు తరగతిలో సార్ గొంతు మారింది.

నేనిప్పుడు ఒక పత్రిక జిల్లా డెస్క్‌లో పనిచేస్తున్నాను. "ప్రజలు తీవ్ర ఆగ్రహం వ్యక్తం చేస్తున్నారు" అని రోజూ ఏదో ఒక మండలం నుంచి వార్త వస్తుంది. ఏ ప్రజలు? ఎంతమంది? విలేకరికి ఫోను చేసి అడుగుతాను. నిజంగా అన్యాయం జరిగిన చోట ఇలాంటి వాక్యం బాధితులకే చేటు. అందులో ఒక్క అతిశయోక్తి దొరికితే చాలు, బాధ్యులు దాన్నే పట్టుకుని మొత్తం అబద్ధమంటారు.

ఇప్పటి పిల్లలకు ఇది మరీ అవసరం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి 2018లో ఫోన్లలో పాకి, మన రాష్ట్రంలోనూ బయటా అమాయకుల ప్రాణాలు తీసింది. గద్వాల జిల్లాలో పోలీసులు ఊరూరా తిరిగి, డప్పు కొట్టించి, పాటలు పాడించి అది అబద్ధమని చెప్పారు. సురవరం పుట్టిన సీమ అది. ఫోనులో వచ్చినదాన్ని పదిమందికి పంపే ముందు "నువ్వు చూశావా? ఎవరు చెప్పారు?" అని అడిగే అలవాటు పదమూడేళ్ళ వయసులోనే పడాలి. ఉపన్యాసం వింటే అది పడదు, నాలుగు గడపలు ఎక్కి అడిగితే పడుతుంది.

అందుకే ఈ పూర్వవిద్యార్థుల సమ్మేళనంలో మన బ్యాచ్ తరఫున ఒక కోరిక. బడిలో గోడపత్రికను మళ్ళీ పెడదాం. పలక, షీట్ల ఖర్చు మేము చూసుకుంటాం. నెలకో శనివారం నేను వస్తాను, పిల్లలు తెచ్చిన వార్తలు వాళ్ళతో కూర్చుని చూస్తాను. మొదటి సంచికకు పని కూడా అనుకున్నాను: ఊళ్ళో ఇంటింటి నల్లాల్లో ఎన్నింటికి నీళ్ళొస్తున్నాయో, ఎన్నింటికి రావడం లేదో తొమ్మిదో తరగతి పిల్లలు తిరిగి లెక్క తేవాలి.