పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్ వినే తీరు

నాటకాల నుంచి కెమెరా ముందుకొచ్చిన వాళ్లకి ముందుగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. గొంతు తగ్గదు, చేతులు ఆగవు. పరిషత్తు నాటకాలాడి, తర్వాత ఒకటి రెండు సీరియళ్లలో తల్లి వేషాలు వేసినదాన్ని కాబట్టి ఆ టెన్షన్ నాకు బాగా తెలుసు. పైన వేలాడే మైకుకి అందేలా, ఆఖరి వరుసలో కూర్చున్నాయనకి కూడా వినబడేలా మాట విసరడం అలవాటయ్యాక, ఎదురుగా లెన్సు పెట్టి మామూలుగా మాట్లాడమంటే ఏం చేయాలో తోచదు. ఆ చిక్కేమీ కనబడనివ్వని ఈ బ్రిటిష్ నటి పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్ అంటే అందుకే నాకు అంత ఇష్టం.

1907లో లండన్ దగ్గర క్రోయిడన్‌లో పుట్టిన ఆష్‌క్రాఫ్ట్ ప్రధానంగా రంగస్థల నటి. 1930లో షేక్‌స్పియర్ నాటకంలో పాల్ రోబ్సన్ ఒథెల్లో వేసినప్పుడు అతని భార్య డెస్డిమోనా ఈవిడే. 1935లో జాన్ గీల్‌గుడ్, లారెన్స్ ఒలీవియర్ రోమియో వేషాన్ని వంతులవారీగా వేసిన ప్రదర్శనల్లో జూలియట్ కూడా ఈవిడే. సినిమాలు మాత్రం చాలా తక్కువ.

ఆ ఏడాదే వచ్చిన హిచ్‌కాక్ సినిమా 'ది థర్టీనైన్ స్టెప్స్'లో ఆమెది చిన్న వేషం. స్కాట్లండ్‌లో మారుమూల ఒక పేద రైతు భార్య. మొగుడు వయసులో బాగా పెద్ద, పైగా అనుమానం మనిషి. పోలీసులు వెతుకుతున్న హీరో ఆ రాత్రికి వాళ్లింట్లో తలదాచుకుంటాడు. లండన్ ఆడవాళ్లు కాలిగోళ్లకి రంగేసుకుంటారట, నిజమేనా అని ఆమె అతన్ని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నతో ఆ పిల్ల బతుకంతా కళ్లముందు కనబడుతుంది. తర్వాత భోజనాల దగ్గర మొగుడు ప్రార్థన చెబుతుంటాడు. ఆమె చూపు పేపర్లో ఉన్న హత్య వార్త మీద పడుతుంది, అక్కణ్ణుంచి అతిథి మొహం మీదికి వెళుతుంది. ఆ మనిషెవరో ఆమెకి అర్థమైపోయింది. అది అతనికీ తెలిసిపోయింది. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. మొగుడు ఆ చూపులు పట్టుకుని ఇంకేదో అనుకుంటాడు. మా దగ్గరికి నటన నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకి ఈ సీను సౌండు ఆపేసి చూపిస్తాను. కథ ఎక్కడా తెగదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఎక్కువగా స్టేజే. 1959లో 'ది నన్స్ స్టోరీ' లాంటివి అక్కడక్కడా వచ్చాయి. తెర మీద అసలైన పంట మాత్రం డెబ్బై దాటాకే. 1980లో బీబీసీకి చేసిన 'కాట్ ఆన్ ఎ ట్రెయిన్'లో వియన్నాకి వెళ్లే ముసలావిడ. మొండిది, స్వార్థపరురాలు, పక్కవాళ్ల మీద పెత్తనం చేస్తుంది. అయినా ఆమె మీంచి చూపు తిప్పుకోలేం.

1984లో రెండు గొప్ప వేషాలు జనం ముందుకొచ్చాయి. రెండూ మన దేశంలో జరిగే కథలే. గ్రెనడా టీవీ వాళ్ల పద్నాలుగు భాగాల సీరియల్ 'ది జ్యుయల్ ఇన్ ది క్రౌన్'లో రిటైరైన మిషనరీ టీచరు బార్బీ. ఆశ్రయమిచ్చిన స్నేహితురాలు పోగానే ఆ ఇంట్లోంచి వెళ్లిపొమ్మంటారు. ఆమెకి మిగిలింది ఒక ట్రంకు పెట్టె. తెల్లదొరల సమాజంలోనే ఉన్నా ఆమెకంటూ అక్కడ చోటు లేదు. ఎక్కువ మాట్లాడే మనిషి మెల్లగా మాటలు పోగొట్టుకోవడాన్ని ఆష్‌క్రాఫ్ట్ అంగుళం అంగుళంగా చూపించారు. ఆ ఎపిసోడ్లు చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండోది డేవిడ్ లీన్ చివరి సినిమా 'ఎ పాసేజ్ టు ఇండియా'లో మిసెస్ మూర్. లీన్ అడిగితే తనకి డెబ్బై ఐదేళ్లని ఆమె అన్నారట, నాకూ అంతేనని ఆయన అన్నారట. కథ బీహార్ వైపు జరిగేదే అయినా సినిమాలో చాలా భాగం బెంగళూరు చుట్టుపక్కల తీశారు. కథలో కీలకమైన మరబార్ గుహల కోసం వాడుకున్నవి సావనదుర్గ, రామనగర కొండలు. 'షోలే' తీసిన రామనగరే. మైసూరు రోడ్డులో వెళుతూ ఆ బండరాళ్లు కనబడితే మా అమ్మాయి గబ్బర్ సింగ్ అంటుంది, నేను మిసెస్ మూర్ అంటాను.

అందులో మసీదు సీను చూడండి. వెన్నెల్లో ఒంటరిగా వచ్చిన మిసెస్ మూర్‌ని చూసి అజీజ్ అనే మన డాక్టరు కోపంగా కేకలేస్తాడు, చెప్పులు విప్పాలి కదా అంటాడు. విప్పే వచ్చానంటుంది ఆమె. దేవుడు ఇక్కడున్నాడు కదా అంటుంది. దాన్ని గొప్ప మాటలా పలికి ఉంటే సీను పాడయ్యేది. ఆమె దాన్ని అడ్రసు చెప్పినట్టు చెప్పేసి, అతను ఏమంటాడో వింటూ నిలబడతారు. ఆ వినడంలోనే వాళ్ల స్నేహం మొదలైపోతుంది.

ఈ వేషానికి 77వ ఏట ఉత్తమ సహాయ నటిగా ఆస్కార్ వచ్చింది. ఆ విభాగంలో అంత పెద్ద వయసులో గెలిచినవాళ్లు ఇప్పటికీ లేరు. ఆమె వేడుకకి వెళ్లలేదు, ఆమె తరఫున నటి ఏంజెలా లాన్స్‌బరీ అందుకున్నారు. మనకీ నాటకాల్లోంచి వచ్చిన నిర్మలమ్మ గారుండేవారు. ఎన్ని బామ్మ వేషాలేశారో! ఆవిడ చుట్టూ మొత్తం కథ నడిపే సినిమాలు మరిన్ని రావాల్సిందని నాకు ఇప్పటికీ బాధే.

1989లో, చనిపోవడానికి రెండేళ్ల ముందు, 'షీజ్ బీన్ అవే'లో దశాబ్దాలు ఆసుపత్రిలో మగ్గి బయటికొచ్చిన స్త్రీగా చేశారు. మాటలు దాదాపు లేని వేషం. వెనిస్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతిని అందులోనే నటించిన జెరాల్డిన్ జేమ్స్‌తో కలిసి పంచుకున్నారు. ఈవిణ్ణి కొత్తగా చూసేవాళ్లు ముందు ఆ రైలు ముసలావిణ్ణి చూడండి, మర్నాడే మిసెస్ మూర్‌ని చూడండి. ఇద్దరూ ఒకే మనిషంటే నమ్మడానికి కాస్త టైం పడుతుంది.