ఎక్కేది లెక్కేసుకున్నాం, దిగేది మరిచాం

శ్రీకాకుళంలో మేం నలుగురం ఆదివారాలు శాలిహుండం కొండ ఎక్కేవాళ్లం. పైన స్తూపాల దగ్గర కూర్చుంటే కింద వంశధార, దూరంగా కళింగపట్నం వైపు సముద్రం సన్నగా కనిపిస్తాయి. అక్కడే టిఫిన్ డబ్బాలు ఖాళీ చేసి దిగొచ్చేసేవాళ్లం. ఆ మాత్రానికే మేం పెద్ద ట్రెక్కర్లమైపోయామని మా నమ్మకం. కిందటి ఫిబ్రవరిలో న్యూజిలాండ్ వెళ్లినప్పుడు టొంగరీరో క్రాసింగ్ అనే అగ్నిపర్వతాల మీది దారి నడుద్దామని పట్టుబట్టింది నేనే. తర్వాత తిట్లన్నీ నాకే పడ్డాయి కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నా.

మాలో మేం పేర్లతో పిలుచుకోం. ఒకడు పలాసోడు, ఇంకొకడు టెక్కలోడు. నాలుగో ఆయన రిటైరైన మాస్టారు, మాకన్నా పదిహేనేళ్లు పెద్ద.

దారి దాదాపు 20 కిలోమీటర్లు. ఒక కొసన మొదలుపెట్టి ఇంకో కొసన తేలాలి, వెనక్కి రావడం ఉండదు. మొదలయ్యే మాంగటెపోపో 1,120 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అన్నిటికన్నా పైన రెడ్ క్రేటర్, 1,886 మీటర్లు. "ఎక్కేది ఏడొందల చిల్లరేరా, మందస దగ్గర మన మహేంద్రగిరే 1,501 మీటర్లుంది" అని అందరికీ ధైర్యం చెప్పాను. చివర కెటెటాహి దగ్గరికొచ్చేసరికి 760 మీటర్లకు దిగిపోవాలని, నేను ఈ ఎత్తులు చూసిన కాగితం మీదే రాసుంది. అంటే దిగాల్సింది పదకొండొందల మీటర్లు! చదివాను గానీ బుర్రకెక్కలేదు.

బూట్ల సంగతి కూడా చెప్పాలి. వాడిన బూట్లు తెస్తే ఆ దేశంలో డిక్లేర్ చెయ్యాలి, అడుగున మట్టి ఉంటే ఒప్పుకోరు. బయటి విత్తనాలు, తెగుళ్లు రాకూడదని వాళ్ల పట్టుదల. బయల్దేరే ముందు రాత్రి టెక్కలోడు పాత టూత్‌బ్రష్‌తో శాలిహుండం ఎర్రమట్టి గీకుతూ కూర్చున్నాడు. ఆక్లండ్‌లో అధికారి వాడి బూట్లు తిరగేసి చూసి, బాగున్నాయన్నట్టు తలూపాడు. ట్రిప్పు మొత్తంలో వాడు గర్వపడిన క్షణం అదే.

పొద్దున్నే వ్యాన్‌లో దింపేశారు. సాయంత్రం ఐదుకి అవతలి కొసన ఆఖరి వ్యాన్. దాన్ని మిస్సయితే ఎలా అన్న టెన్షన్ రోజంతా మమ్మల్ని వెనక నుంచి తోస్తూనే ఉంది. దారిలో తాగే నీళ్లు దొరకవు కాబట్టి తలా మూడు లీటర్లు మోశాం. బస దగ్గర మాస్టారు రెండు ఊతకర్రలు అద్దెకు తీసుకుంటే, "ముసలితనం వచ్చేసిందేటి మాస్టారూ" అని ఆటపట్టించాం.

మొదటి గంటంతా చెక్కబాటల మీద, వాగు పక్కన షికారులా సాగింది. సోడా స్ప్రింగ్స్ దాటాక మెట్లు మొదలయ్యాయి. ఆ ఎక్కుడుకి దెయ్యం మెట్లని పేరు, ఎవరు పెట్టారో గానీ సరిగ్గా పెట్టారు. పదడుగులకోసారి ఆగి ఫొటో తీస్తున్నట్టు నటించాను. మాస్టారు మాత్రం ఆగలేదు, తొందరపడలేదు, లోలోపల ఏదో లెక్కపెట్టుకుంటూ ఒకే తీరున పోయారు.

కుడిపక్క 2,287 మీటర్ల న్గౌరుహోయే అగ్నిపర్వతం, పోసిన బూడిద కుప్పలా ఉంది. అక్కడి మూలవాసులైన మావోరీలకు ఈ కొండలు పూర్వీకులతో సమానం, అందుకే శిఖరం ఎక్కొద్దని కోరతారు. 1887లో వాళ్ల నాయకుడు టే హెయుహెయు టుకినో ఈ శిఖరాలను ప్రభుత్వానికి ధారపోస్తే, ఆ దేశపు మొదటి జాతీయ ఉద్యానవనం అయింది.

రెడ్ క్రేటర్ గట్టు మీద గాలి మనిషిని పక్కకు నెట్టేస్తోంది. పలాసోడు బండ చాటున కూలబడి, "తిత్లీ రోజు ఇలగే అరిసినాది" అన్నాడు. 2018 అక్టోబరులో ఆ తుపాను వాడి జీడితోటను ఒక్క రాత్రిలో నేలకేసింది. ఇంకేమీ అనలేదు. మేమూ అడగలేదు.

అవతల ఒక్కసారిగా మూడు పచ్చటి చెరువులు. లోపలి వేడి రాళ్ల నుంచి కరిగొచ్చే ఖనిజాల వల్ల ఆ రంగట. చుట్టూ ఆవిర్లు, కుళ్లిన గుడ్ల వాసన. మన దగ్గరైతే ముందు మొహం కడిగేవాళ్లం, తర్వాత సీసాలో పట్టుకునేవాళ్లం. టెక్కలోడు చొక్కా చేతులు మడిచి వంగేలోపు బోర్డు కనిపించింది: ఇవి పవిత్రమైన నీళ్లు, తాకొద్దు. వాడు చేతులు వెనక్కి తీసుకుని చప్పున దణ్ణం పెట్టేశాడు. కాస్త అవతలకొచ్చి పులిహోర తిన్నాం.

అంతకుముందు గట్టు మీంచి ఆ చెరువుల దగ్గరికి దిగడమే మొదటి దెబ్బ. కాలు పెడితే సున్నిపిండిలా జారే కంకర. రెండుసార్లు కూర్చుండిపోయాను, అందులో ఒకటి నా ఇష్టప్రకారం కాదు. అసలు కష్టం బ్లూ లేక్ దాటాక వచ్చింది. అటూ ఇటూ మెలికలు తిరుగుతూ కిందికి దారి, కింద ఎక్కడో తళతళలాడే నీళ్లు. ఎంత నడిచినా అవి దగ్గరకు రావు. ఎక్కేటప్పుడు ఆయాసం, ఆగితే తగ్గుతుంది. దిగేటప్పుడు మోకాళ్లలో నొప్పి, ఆగితే ఇంకా బిగుసుకుంటుంది.

కెటెటాహి షెల్టర్ దగ్గర బెంచీ మీద వాలిపోయాం. 2012 ఆగస్టులో పక్కనే టే మారీ బిలం పేలి, ఎగిరొచ్చిన రాళ్లు ఇక్కడి గుడిసె కప్పును చీల్చేశాయి. లోపల ఎవరూ లేకపోవడం అదృష్టం. ఈ మాట చెబితే, "అయితే బేగి లేవండి" అన్నాడు పలాసోడు. అప్పుడే సిగ్గు విడిచి "మాస్టారూ, ఒక కర్ర ఇస్తారా" అని అడిగాను. ఇచ్చారు. నవ్వలేదు, అదింకా కష్టంగా అనిపించింది.

చివరి అడవిలో ప్రతి మలుపులోనూ ఇదే ఆఖరిదనుకున్నాను. నాలుగూ నలభైకి వ్యాన్ కనిపించింది. అందరికన్నా వెనక వచ్చింది, ఈ ప్లానంతా వేసిన నేనే.

బసలో మా గది మేడ మీద. కిందికి భోజనానికి వెళ్లాలంటే నలుగురం రెయిలింగ్ పట్టుకుని వెనక్కి తిరిగి మెట్లు దిగాం. రాత్రి ఎనిమిదైనా బయట ఇంకా వెలుతురే, మన దగ్గర మధ్యాహ్నం పన్నెండున్నర. పలాసోడు వాళ్లమ్మకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"ఎంత దూరం నడిసినార్రా?"

"ఇరవై కిలోమీటర్లే అమ్మా!"

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. "సికాకులం నుంచి ఆమదాలవలస ఎల్లొస్తే సరిపోద్ది కదరా. దానికి అంత దూరం ఎల్లాలేటి?"