ఏనుగు తల కోసం నెల్లూరు దాకా

నెల్లూరు తపాలా ముద్ర ఉన్న పాత ఉత్తరం కావాలంటే ఒంగోలులో వెతకాలి. ఒంగోలు ముద్ర కావాలంటే నెల్లూరు పోవాలి. వినడానికి తిరకాసుగా ఉంటుంది గానీ లెక్క సులువే. ఉత్తరం ఎవరికి రాశారో వాళ్ళింట్లో మిగులుతుంది, రాసినవాళ్ళింట్లో ఎందుకుంటుంది? ఇంగ్లీషువాళ్ళ కాలం స్టాంపులు పోగేసే మాలాంటివాళ్ళం ఊళ్ళు పట్టుకు తిరిగేది ఈ లెక్క మీదే. 1840లో నెల్లూరు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు, 1866లో ఒంగోలు వచ్చిన జాన్ క్లౌ దొర తమ మిషన్‌కి రాసిన ఉత్తరాలన్నీ ఆ మిషన్ ఆఫీసున్న బోస్టన్ దారి పట్టాయి. ఇక్కడ మిగిలింది వకీళ్ళ కట్టలు, షావుకార్ల కార్డులు. నాకు మోజు కూడా వాటి మీదే.

బెజవాడలో పినాకిని ఎక్కి నెల్లూరులో దిగేసరికి మా మిత్రుడు స్టేషన్ బయట బండి మీద కూర్చుని ఉన్నాడు. ఆర్.ఎం.ఎస్.లో, అంటే రైల్వే తపాలాలో, సార్టింగు చేసి రిటైరయినాయన. సగం చెరిగిపోయిన ముద్ర చూసి కూడా ఏ ఊరిదో చెప్పేస్తాడు. పోగేసే పిచ్చి మాత్రం ఆయనకి లేదు. "ముప్పయ్యేళ్ళు ఇయ్యే చూశా, ఇంకా ఇంట్లో కూడానా?" అంటాడు.

నేరుగా మూలాపేట పోయాం. అక్కడొక పాత మిద్దె. ఇంటాయన రిటైరయిన లెక్కల మాస్టారు. ఆయన ముత్తాత జిల్లా కోర్టులో వకీలు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోదే. పొలం తగాదా అయినా, దత్తత తగాదా అయినా పెద్ద కోర్టు కోసం ఒంగోలు, కందుకూరు జనం ఇక్కడికి రావాల్సిందే. రాలేనివాళ్ళు ఉత్తరాలు రాసేవాళ్ళు. అవి ఒక రేకు ట్రంకు పెట్టెలో, గుడ్డ మూటల్లో ఉన్నాయి. మూత తీయగానే వేపాకు పొడి వాసన.

మాస్టారు ముందుగా మూట విప్పలేదు. ఒక నోటుబుక్కు తెచ్చి ముందు పెట్టారు. చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారు కవర్ల మీది స్టాంపులన్నీ నీళ్ళలో నానబెట్టి ఊడదీసి, బంకతో అంటించిన పుస్తకం. నాకు ప్రాణం ఉసూరుమంది.

"ఏంది అబ్బయ్యా, రాణి బొమ్మ స్టాంపు లచ్చలు పలుకుద్దంట గదా?"

మాస్టారే కాదు, అందరూ అడిగేదే. విక్టోరియా రాణి అర్ధణా నీలం స్టాంపు లండన్‌లో డి లా రూ కంపెనీ కోట్లల్లో అచ్చేసింది. విడిగా ఊడదీస్తే దానికి ఎంతో రాదు. లక్షలు పలికేది 1854లో కలకత్తా సర్వే ఆఫీసులో రాతి మీద అచ్చేసిన నాలుగణాల స్టాంపు, అదీ రాణి తల తలకిందులుగా పడిన పొరపాటు ప్రతి. ఎర్ర చట్రం ఒకసారి, నీలం తల ఒకసారి, రెండుసార్లు అచ్చులో పెట్టాలి. కాగితం తిరగేసి పెడితే అంతే సంగతులు. ప్రపంచం మొత్తం మీద దొరికినవి చాలా కొద్ది. మాస్టారి నోటుబుక్కులో అది లేదని వేరే చెప్పాలా!

ఆయన ముఖం చిన్నబోయింది. సరే, ఏదో ఒకటి చూపిద్దామని సంచిలోంచి చిన్న నల్ల ట్రే తీశాను. వెనక బంక లేకుండా ఊడివచ్చిన అర్ధణా నీలం ఒకటి ఏరి, బొమ్మ కిందికి వచ్చేట్టు ట్రేలో పెట్టి, లైటర్లో పోసే పెట్రోలు రెండు చుక్కలు వేశాను. తడిసిన కాగితం బూడిద రంగుకి తిరిగింది. మధ్యలో మెల్లగా గీతలు తేలాయి. ముందు చెవి, తర్వాత తొండం, నుదురు. మాస్టారు కళ్ళజోడు పైకి తోసి ట్రే మీదికి వంగారు. "ఒరే, ఏనుగు తలకాయరా!" అని లోపలికి కేకేశారు. మనవరాలు పరిగెత్తుకొచ్చేలోపు పెట్రోలు ఆవిరైపోయింది, ఏనుగూ పోయింది. ఆ పిల్ల కోసం ఇంకోసారి వేయాల్సొచ్చింది. 1865 నుంచి వాడిన కాగితంలో ఈ నీటిగుర్తు (వాటర్‌మార్కు) ఉంటుంది. అంతకు ముందు డి లా రూ అచ్చేసిన అర్ధణాలో ఏ గుర్తూ ఉండదు. పైకి రెండూ ఒకటే రంగు, ఒకటే బొమ్మ. 1882లో నక్షత్రం గుర్తు వచ్చింది, స్టాంపు మీద 'ఈస్ట్ ఇండియా' పోయి 'ఇండియా' మిగిలింది.

అప్పటికి మూటలు విప్పడానికి ఆయనకి హుషారు పుట్టింది. నాన్నగారి చేతికి చిక్కని కట్ట ఒకటి అడుగున ఉంది. అందులో ఒంగోలు నుంచి వచ్చిన కవరు, ఆకుపచ్చ అర్ధణా, దాని మీద గుండ్రటి ముద్ర, వెనక నెల్లూరు చేరిన ముద్ర. మా మిత్రుడు రెండు తేదీలూ చదివి, "రెండో రోజుకి ఇచ్చేశారే!" అన్నాడు. 1899లో మద్రాసు నుంచి బెజవాడకి రైలు కలిసింది. అంతకు ముందు ఈ దండుబాట మీద టపా సంచి భుజాన వేసుకుని, గజ్జెలు కట్టిన బల్లెం పట్టుకుని రన్నర్లే అంచెలంచెలుగా పరిగెత్తేవాళ్ళు. పెన్న పొంగితే టపా ఆగిపోయేది. ఈ కవరు వచ్చింది రైల్లోనా, మనిషి భుజం మీదా అనేది తేదీని బట్టి తేలాలి. సంవత్సరం ఉన్న చోటే సిరా అలుక్కుపోయింది. మేమిద్దరం భూతద్దం ఒకరి చేతిలోంచి ఒకరం లాక్కున్నాం. ఆయన 96 అన్నాడు, నేను 98 అన్నాను. ఏదైనా రైలుకి ముందే!

మాస్టారు కట్ట అమ్మనన్నారు. ఫొటోలు తీసుకోనిచ్చారు. మధ్యాహ్నం చేపల పులుసు పెట్టించారు. మామిడికాయ వేసిన నెల్లూరు పులుసు గురించి రాయడం మొదలుపెడితే స్టాంపుల సంగతి మూలపడుతుంది కాబట్టి ఇంతటితో ఆపుతాను.

మర్నాడు ఒంగోలు. దారిలో బిట్రగుంట, కావలి, ఉలవపాడు. రైల్లో చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు.

ఒంగోలు పాత బజారులో ఒక ధాన్యం కొట్టు. షావుకారు నన్ను తమ్ముడూ అనే పిలిచాడు, టీ తెప్పించాడు, ధర మాత్రం చివరిదాకా చెప్పలేదు. అటక మీద నుంచి దింపించింది ఉత్తరాల తీగ. కింద చెక్క బిళ్ళ, పైన కొక్కెం, మధ్యలో గుచ్చిన కార్డులు మూరెడు ఎత్తున. ప్రతి కార్డుకీ నడిమధ్య తుప్పు రంగు చిల్లు. వేలంపాటల జాబితాలో దీన్ని లోపం కింద రాస్తారు. నాకైతే అది కొట్లో వాడిన కార్డని పూచీ ఇచ్చే గుర్తు.

పైవి కొత్తవి, కిందికి పోయేకొద్దీ పాతవి. జార్జి రాజు కాలం దాటి ఎడ్వర్డు దాకా దిగాం. సగానికి సగం నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట నుంచి వచ్చినవే. మొలగొలుకుల ధాన్యం ధర, బస్తాల లెక్క, బండి కిరాయి, చివర 'క్షేమం'. మన దేశంలో పోస్టుకార్డు 1879లో కాలణాకి మొదలైంది, నలభై ఏళ్ళకి పైగా అదే ధర. 1922లో అర్ధణా చేశారు. ఆ ఏటి కార్డులు చూస్తే షావుకార్ల పొదుపు తెలుస్తుంది. ఇంట్లో నిలవున్న కాలణా కార్డులు పారేయకుండా, పక్కన ఇంకో కాలణా స్టాంపు అంటించి పంపారు. అట్లాంటివి వరసగా దొరికాయి. ఒకదాని మీద అంటించింది కూడా కాలణా స్టాంపు కాదు, అర్ధణా ఆకుపచ్చ మీద కాలణా అని నల్లటి అచ్చు కొట్టినది. ఇట్లాంటి అచ్చే 1921లో అణా ఎరుపు మీద 'నైన్ పైస్' అని కొట్టారు. అందులో పొరపాటున 'నైన్ నైన్' అనీ, 'పైస్ పైస్' అనీ పడినవి ఉన్నాయి. వాటి కోసం కళ్ళు కాయలు కాసేలా చూశాను. లేదు.

సాయంత్రం కొత్తపట్నం. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు, బకింగ్‌హామ్ కాలవ పక్కనే. పడవల సరుకు రాసుకున్న చిట్టాలు ఉన్నాయని ఎవరో చెబితే పోయాం. ఉప్పుగాలికి కాగితమంతా ఒకే అట్టలా అతుక్కుపోయింది, కత్తి పెట్టినా విడలేదు. అక్కడో కుర్రాడు తెచ్చి చూపించాడు, ఎర్ర లక్క బిళ్ళ లాంటి 'సిందే డాక్'. వాళ్ళ తాతదట, ఈ రేవులోనే ఉత్తరం మీద వచ్చిందట. 1852లో బార్టిల్ ఫ్రియర్ దొర సింధు ప్రాంతానికని వేయించిన స్టాంపు అది, ఆసియాలోనే మొదటిది. ఆ ప్రాంతంలోనే చెల్లేది, 1854లో దేశమంతటికీ స్టాంపులు రాగానే ఆపేశారు. లక్క బిళ్ళ ముట్టుకుంటే పెళుసుగా పగులుతుంది. కుర్రాడి చేతిలోది వంచితే వంగింది.

"మరి నాకు ఇరవై వేలకి అమ్మారే!" అన్నాడు. ఏం చెబుతాం? మోసపోయే ముందు ఎవరికైనా చూపించుకో తమ్ముడూ అన్నాను. స్టాంపుల్లో దొంగ సరుకు అసలు సరుకు కంటే ఎక్కువ తిరుగుతుంది.

రాత్రికి మళ్ళీ ఒంగోలు కొట్టుకి. షావుకారు అప్పటికి ధర తేల్చుకున్నాడు. నెల్లూరు నుంచి వచ్చిన కార్డులు కార్డుకి నూట యాభై చొప్పున ఇస్తాడట. కందుకూరు నుంచి వచ్చినవి మాత్రం వాళ్ళ నాయన చేతిరాత, అవి కదలవు. నూటికి తెచ్చాను. 1922 నాటి జంట కాలణాలకి విడిగా అడిగితే నవ్వి, "తమ్ముడూ, నువ్వు ఇందాక వాటినే మూడుసార్లు తిప్పి చూశావు, నేను చూడలేదనుకున్నావా?" అన్నాడు. వాటికి నూట యాభయ్యే ఇచ్చాను.