‘పెట్టిన’ను ‘పెట్టాను’ చేస్తే దొంగ దొరకడు

నిన్ననే నా పుస్తకం మూడో ప్రూఫు, అంటే అచ్చుకు ముందు దిద్దే కాపీ మీద సంతకం పెట్టి నల్లగొండ నుంచి వచ్చిన. కోపం ఇంకా దిగలే.

పుస్తకం దేవరకొండ దిక్కు బట్టలు కుట్టే యాదమ్మ కథల్ల రెండోది. నెత్తురు చూపియ్యని డిటెక్టివ్ సిరీస్ ఇది. యాదమ్మ కొలతలు తీసుకుంట మనిషిని చూస్తది, మాట వింటది. మొదటి దాంట్ల నోట్ల పండ్లు చూసి దొంగ తమ్ముణ్ని పట్టుకున్నది. మర్రిగూడ దిక్కు ఒకటే ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి పెరిగిన అన్నదమ్ములందరికీ గోధుమ రంగు చారలున్నయి. పదేండ్లప్పుడు తప్పిపోయి తిరిగొచ్చిన ‘తమ్ముని’కి మాత్రం తెల్లటి పండ్లు. ఆ చారలు చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే, సుమారు ఎనిమిదేండ్ల లోపల పడుతయి, తోమితే పోవు. ఇంత మన నేలల పుట్టిన ఆధారం ఇంకెవరన్న రాసిన్రా, చూపియ్యున్రి.

రెండో దాంట్ల ఆధారం ఒక ఉత్తరం. చదువు అంతంత మాత్రం వచ్చిన గొర్లకాపరి పేరు మీద అసలు దొంగ రాసిండు. అంగి, తోవ, గట్ల, జర, అన్నీ సరిగనే పడ్డయి. ఒక్క దగ్గర మన ‘పెట్టిన’ బదులు ‘సంచి బాయి కాడ పెట్టాను’ అని జారింది. మాటలు అరువు తెచ్చుకోవచ్చు, క్రియ చివర దాచుడు కష్టం. అయితే మనోళ్లు గూడ కాగితం మీద బడి భాష రాస్తరు గదా? ఆ సందు మూయనీకె మూడో అధ్యాయంల కిరాణం ఖాతా బుక్కుల కాపరి చేతిరాత పెట్టిన: ‘ఆలుగడ్డ తీస్కున్న, యాభై రూపాలు బాకీ పెట్టిన’.

ఐఎస్‌బీఎన్ అనే పుస్తకం గుర్తింపు నంబరు రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఆన్‌లైన్ల ఫ్రీగ ఇస్తది. సిరీసైనా ప్రతి పుస్తకానికి వేరే తీసుకోవాలె. డెమ్మీ సైజుల 176 పేజీలు, పదహారు పేజీల లెక్కన 11 ఫారాలు. అక్కడిదాకా తిప్పలు లేదు.

డీటీపీ (కంప్యూటర్ల పేజీలు పేర్చుడు) కాడనే నా పరువు పోయింది. యూనికోడ్ ఫైలిస్తే ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లకు మార్చి పేజ్‌మేకర్ల పెట్టిండ్రు. ‘సాఫ్ట్‌వేర్’ పోయి ‘సాఫ్ట్వేర్’ అయితది, అది మామూలే. కాని ఖాతా బుక్కుల ‘బాకీ పెట్టాను’ అని ఉన్నది! ఊరంతా దొంగ లెక్కనే మాట్లాడుతున్నది. ఇంకో పేజీల ‘గడప కాడ పెట్టిన గొడుగు’ పోయి ‘గడప కాడ పెట్టాను గొడుగు’ అయింది. అంటే డీటీపీ చేసేటాయన చదివి దిద్దలే, ఫైండ్-రీప్లేస్ కొట్టిండు.

అడిగితే నలుగురి ముందట, “సార్, తప్పులు శానా ఉన్నయి మీకు, అంత ఊరి భాషనే. అన్నీ నేనే దిద్దిన” అన్నడు.

దిద్దిన అంట! నోట్ల ఉన్నది కాగితం మీదికొస్తే తప్పెట్లయితది?

ఉల్టా రీప్లేస్ కొడ్తనన్నడు. వద్దన్న. కొడితే ఉత్తరంల ఉండాల్సిన ‘పెట్టాను’ గూడ పోతది. అసలు ఫైలు నుంచి మళ్ల పెట్టిచ్చుడొక్కటే తోవ.

మీరు గూడ ఇట్ల కథ రాస్తే, డీటీపీకి పోయేముందు ఆధారం మోసే వాక్యాలన్నీ అక్షరం తేడా లేకుంట ఒక కాగితం మీద రాసుకోన్రి. నాకు 14 వచ్చినయి. ప్రూఫు రాంగనే కథ చదవకున్రి, ఆ వాక్యాలే ఎతుకున్రి. పేజీ నంబర్లు నమ్మొద్దు, లైన్లు జరుగుతయి. దొరికితే ఇన్‌డిజైన్ల యూనికోడ్ తోనే పెట్టే మనిషిని చూసుకోన్రి, ఫాంటు మార్చే పనే ఉండదు.

రెండో ప్రూఫుల ఖాతా సరిగొచ్చింది. ఈసారి ఉత్తరంల ‘పెట్టాను’ను ‘పెట్టిన’ చేసి పెట్టిండు. ‘మీకు గట్లనే ఇష్టం గదా సార్’ అన్నడు.

మూడోదాంట్ల ఆ మాట కింద చుక్కలు పెట్టిన. ప్రూఫు గుర్తుల్ల చుక్కలంటే ముట్టొద్దని. పక్కన ‘ఇది దొంగ రాసింది, ఉండనియ్యున్రి’ అని రాసి సంతకం చేసిన.