సంధి విడదీసినట్టే

పాలకొల్లు బస్సులో అమ్మ డిశ్చార్జి కాగితం చదివా. కోలిసిస్టెక్టమీ! నర్సింగులో చేరిన కొత్తలో ఇలాంటి మాట కనబడితే చెమటలు పట్టేవి. ఇప్పుడు ముక్కలు చేస్తా. కోలీ అంటే పైత్యరసం, సిస్ట్ అంటే తిత్తి, ఎక్టమీ అంటే కోసి తీసేయడం. గ్రీకు మాటలే గానీ, బళ్లో పిత్తాశయాన్ని పిత్త, ఆశయం అని సవర్ణదీర్ఘ సంధి విడదీసినట్టే ఉంది. హైపర్, హైపో దగ్గరే ఇప్పటికీ తడబడతా. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. పలకడానికి మాత్రం కవలలు. మొన్న టెస్టులో రెండు మార్కులు అక్కడే పోయాయి.

"ఏంటే అంతసేపు చూస్తున్నావ్?"

"రాళ్లున్న తిత్తి తీసేశారమ్మా, అంతే."

"ఆ ముక్కే తెలుగులో రాస్తే వాళ్ల సొమ్మేం పోయింది?" అంటూ పక్క సీట్లో ఆత్రేయపురం పూతరేకుల పొట్లం వైపు చూసింది. నెయ్యి కారుతోంది. అమ్మని కాస్త ఇటు జరిపి కూర్చోబెట్టా.